బద్ద వెనుక ఏముంది? కోలారు గనుల ఇళ్లలో మేకు లెక్క



కోలారు బంగారు గనులు అనగానే ఎవరైనా బంగారం సంగతే ఎత్తుకుంటారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు, నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం. ఈ లెక్కలు మీరు చాలాసార్లు విని ఉంటారు. ఈ పూట నేను చెప్పబోయేది అంతకంటె చాలా చిన్న వస్తువు గురించి. అది మేకు. ఆ గనుల చుట్టూ లేచిన ఇళ్లలో గోడ అడుగున కొట్టిన బద్దకు, ద్వారబంధం చుట్టూ వేసిన పట్టీకి, పైకప్పు కింద పరిచిన పలకకు ఎంత పొడవు మేకు కావాలి? ప్రశ్న చిన్నదే. కాని ఆ ఊరి చరిత్ర కొంత ఈ ప్రశ్నలో ఇమిడి ఉంది.

ముందు పేరు సంగతి చూద్దాం. కోస్తాలో మేకు అంటారు, చీల అనీ అంటారు. మన రాయలసీమలో, కోలారు తెలుగులో మొల అంటాం. పక్కనున్న కన్నడిగులు మొళె అంటారు. గనుల్లో పనిచేసిన తమిళులు ఆణి అన్నారు. ఒకే దుకాణం ముందు నిలబడి ముగ్గురు మూడు మాటలతో అడిగినా, దుకాణదారు అదే డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. ఆ తరువాత అతడు అడిగే ప్రశ్న మాత్రం ముగ్గురికీ ఒకటే. ఎన్ని అంగుళాలు?

ఈ "ఎన్ని అంగుళాలు" అన్న ప్రశ్న మన ఊళ్లలో అంత పాతది కాదు. పూర్వం మన వడ్రంగి పనిలో ఇనప మేకుకు చోటు తక్కువ. ద్వారబంధం చెయ్యాలంటే ఒక కొయ్య చివర కుసి తీసి, రెండో కొయ్యలో తొలిచిన రంధ్రంలో దించి, అడ్డంగా చెక్కచీల కొట్టేవారు. ఇనుము ఖరీదైన వస్తువు. ఒక్కొక్క మేకునూ కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మొన తీసి, తల మలచి ఇవ్వాలి. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యం చూడటానికి బయలుదేరి, తూర్పు కనుమలు ఎక్కి, మన వెంకటగిరికోట, బేతమంగలం మీదుగా బెంగుళూరు వైపు వెళ్లాడు. ఆ రాజ్యంలో నల్ల ఇసుక నుంచి, రాతి నుంచి ఇనుము కరిగించే కొలుములను ఆయన తన గ్రంథంలో వివరంగా వర్ణించాడు. ఒక్క ముద్ద ఇనుము తీయటానికి ఎందరు మనుషులు, ఎంత బొగ్గు కావలసి వచ్చేదో అది చదివితే తెలుస్తుంది. అటువంటి ఇనుముతో చేసిన మేకును పెద్ద వాకిలి తలుపుకు కొట్టేవారు గాని, గోడ అడుగు బద్దకు ఎవరు కొడతారు?

సరిగ్గా ఆ రోజుల తరువాతే బంగారం కథ మొదలవుతుంది. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మైసూరు తూర్పు సరిహద్దు సర్వే చేస్తూ, ఊరిగాం, మారికుప్పం ప్రాంతాల్లో మన్ను కడిగి బంగారు రేణువులు తీసే పల్లెవాసులను చూశాడు. 1873లో మైఖేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వాన్ని తవ్వకానికి అనుమతి కోరాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు ఆ కంపెనీ యాజమాన్యంలో పెరిగాయి. 1894లో బౌరింగుపేట, అంటే ఈనాటి బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. మద్రాసు రేవులో దిగిన సీమ సరుకు గని గేటు దాకా రైలుమీదే వచ్చింది. ఆ సరుకులో యంత్రాలు ఉన్నాయి, సిమెంటు ఉంది, పెట్టెలకొద్దీ మేకులూ ఉన్నాయి.

ఆ మేకులు కమ్మరి చేసినవి కావు. 18వ శతాబ్ది చివర ఐరోపా, అమెరికాలలో ఇనప రేకును కత్తిరించి యంత్రం మీద మేకులు చేయటం నేర్చారు. 19వ శతాబ్ది రెండో సగంలో ఉక్కు తీగను ముక్కలు కోసి, ఒక చివర మొన నొక్కి, మరొక చివర తల కొట్టే యంత్రాలు వ్యాపించాయి. తీగ మేకు చవక, సన్నన, గుండ్రన. అన్నిటికంటె ముఖ్యంగా పెట్టెలో ఉన్న మేకులన్నీ ఒకే పొడవు. కమ్మరి మేకు దేని పొడవు దానిదే కాబట్టి, పనివాడు ఉన్నదాంట్లో ఏరుకునేవాడు. తీగ మేకు వచ్చాక పని చూసి పొడవు నిర్ణయించుకునే వీలు కలిగింది. ఇంగ్లండులో పూర్వం వంద మేకుల ధర ఎన్ని పెన్నీలైతే ఆ మేకు అన్ని పెన్నీల మేకు అనేవారట. మన దేశానికి మాత్రం పొడవు అంగుళాల్లోను, లావు గేజిలోను వచ్చాయి. గేజి అంకె పెరిగితే మేకు సన్నబడుతుంది. కొత్తగా కొనేవారు ఇప్పటికీ తడబడే సంగతి ఇది.

ఈ చిన్న వస్తువు మీద చట్టాలు కూడా వచ్చాయి. దేశంలో తీగ మేకుల పరిశ్రమ మొదలైనప్పుడు విదేశీ సరుకు చవకకు తట్టుకోలేకపోయింది. 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం కింద తీగ మేకుల మీద కూడా దిగుమతి సుంకం వేశారు. మధ్యలో ఆ రక్షణ పోయింది. 1932లో తీగ, తీగ మేకుల పరిశ్రమ కోసమే ప్రత్యేకంగా ఒక రక్షణ చట్టం చేశారు. గోడకు కొట్టే మేకు కోసం ఢిల్లీలో శాసనసభ కూర్చుందంటే, అది అప్పటికి ఎన్ని ఇళ్లలోకి వెళ్లిందో ఊహించవచ్చు.

ఇక ఇళ్ల లోపలికి వెళదాం. గనుల్లో దొరల కోసం బంగళాలు లేచాయి. ఎత్తైన గోడలు, మంగుళూరు పెంకు, వరండా, చుట్టూ తోట. ఆ చల్లని గాలి చూసి దొరలు ఆ ఊరిని చిన్న ఇంగ్లండు అనేవారు. ఇంటి లోపల చెక్కపని వారి దేశపు పద్ధతిలో ఉండేది. గోడ, నేల కలిసే చోట ఒక బద్ద. దానిని స్కర్టింగు అంటారు. ద్వారబంధానికి, గోడ పూతకు మధ్య చీలికను కప్పటానికి చుట్టూ ఒక పట్టీ. అద్దాలను నిలపటానికి సన్నటి బీడింగు. పైన పలకల కప్పు. ఇవేవీ ఇంటి బరువు మోసేవి కావు. అతుకులు కప్పటానికి, అందానికి పెట్టినవి. మన వడ్రంగి సంప్రదాయంలో ఇటువంటి పని అంతగా లేదు. మనవాళ్లు కొయ్యలో కొయ్యను దించేవారు గాని, గోడకు కొయ్యను అతికించే అవసరం వారికి పడలేదు.

అక్కడే అసలు చిక్కు. గోడ రాతిదో ఇటుకదో. రాతిలో మేకు దిగదు. వంగుతుంది, లేదా పూతను పెచ్చులుగా రాలుస్తుంది. అందుకని గోడ కట్టేటప్పుడో, తరువాత తొలిచో, వరసల మధ్య చెక్క బిరడాలు దిగగొట్టేవారు. మేకు పట్టుకునేది ఆ బిరడాను. పైన కనిపించే బద్ద ఒకటి, మధ్యలో సున్నపు పూత ఒకటి, లోపల కనిపించని బిరడా ఒకటి. మేకు ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

లెక్క ఇలా వేయాలి. బద్ద మందం ముప్పావు అంగుళం, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు. పూత అర అంగుళం నుంచి ముప్పావు దాకా, 15 మిల్లీమీటర్లు అనుకుందాం. ఈ రెండూ కలిసి 35. ఇంతవరకు మేకు ప్రయాణమే గాని పట్టు లేదు. సున్నపు పూత మేకును పట్టుకోదు. ఆపైన బిరడాలోకి కనీసం అంగుళం దిగాలి. మొత్తం 60 దాటింది. కాబట్టి రెండున్నర అంగుళాల మేకు, ఈనాటి కొలతలో 65 మిల్లీమీటర్లు, తీసుకోవాలి. అదే బద్దను చెక్క మీద నేరుగా కొడితే రెండంగుళాలు చాలు. చెక్క మీద చెక్క కొట్టేటప్పుడు పై చెక్క మందానికి రెండున్నర నుంచి మూడింతల పొడవు మేకు తీసుకోవటం వడ్రంగుల వాడుక.

ద్వారబంధం చుట్టూ వేసే పట్టీలో ఇంకొక విశేషం ఉంది. ఆ పట్టీ లోపలి అంచు ద్వారబంధం మీద కూర్చుంటుంది. అక్కడ ఒకటిన్నర అంగుళం, అంటే 40 మిల్లీమీటర్ల మేకు సరిపోతుంది. బయటి అంచు గోడ పూత మీద ఉంటుంది. అక్కడ రెండున్నర అంగుళాలది కావాలి. పట్టీ ఒకటే, చెక్క ఒకటే, మందం ఒకటే. అయినా రెండు అంచులకు రెండు పొడవులు. కారణం పట్టీలో లేదు, దాని వెనుక ఉంది.

పైకప్పు పలకల సంగతి వేరు. స్కర్టింగును ఎవరూ కిందికి లాగరు. కప్పు పలకను దాని బరువే రాత్రింబగళ్లు కిందికి లాగుతూ ఉంటుంది. అందుచేత అర అంగుళం పలకకు కూడా ఒకటిన్నర అంగుళానికి తగ్గకుండా కొట్టాలి. జంటగా, కాస్త ఎదురెదురు వాలులో కొడితే పట్టు ఇంకా పెరుగుతుంది. అద్దం బీడింగుకు మాత్రం ముప్పావు నుంచి అంగుళం లోపు పిన్ను మేకులే. పొడవైనది కొడితే వాలి అద్దాన్ని తాకుతుంది.

ఇంతదాకా మేకు పొట్టిదైతే వచ్చే నష్టం చెప్పాను. పొడవైతే వచ్చే ప్రమాదాన్ని కూడా ఈ గనుల చరిత్ర మనకు చూపుతుంది. 1902 జూన్‌లో కావేరి మీద శివసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగల మీద కరెంటు కోలారు గనులకు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే ఈ ప్రాంతం రాజధాని నగరంకంటె ముందు కరెంటు చూసింది. ఆ కాలంలో ఇళ్లలో తీగలు లాగే పద్ధతి చెక్కతోనే. టేకు బద్దలో రెండు గాళ్లు తీసి, ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క తీగ పరిచి, పైన పలుచటి మూత పట్టీ బిగించేవారు. దానిని కేసింగు కేపింగు అనేవారు. ఆ మూతకు అర అంగుళం స్క్రూలు చాలు. అంతకంటె పొడవైనది పక్కకు తప్పి దిగితే నేరుగా తీగలోకి పోతుంది. షాకు కొట్టవచ్చు, ఇల్లే అంటుకోవచ్చు. తరువాతి రోజుల్లో టేకు బద్ద మీద క్లిప్పులతో తీగను నిలిపే బ్యాటన్ వైరింగు వచ్చింది. ఆ క్లిప్పులకు కూడా బద్ద మందం దాటని చిన్న పిన్నులే కొట్టేవారు. అంటే ఒకే గదిలో, అడుగున బద్దకు రెండున్నర అంగుళాలు, పైన తీగ బద్దకు అర అంగుళం. రెండూ తారుమారైతే ఒకటి ఊడిపోతుంది, రెండోది ప్రాణం తీస్తుంది.

ఇక బంగళాల నుంచి కూలీ లైన్ల వైపు వెళదాం. గనుల్లో దిగి పనిచేసినవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు, సేలం జిల్లాలనుంచి వచ్చినవారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మన చిత్తూరు, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాడులోనివే. కాబట్టి పాత కాగితాల్లో ఉత్తర ఆర్కాడు కూలీ అన్న చోట మన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయని మరిచిపోరాదు. వారికి మొదట దొరికినవి వెదురు తడికల గుడిసెలు. తడికకు మేకు పట్టదు. వెదురును మేకు చీలుస్తుంది. అక్కడ ఉన్నదంతా తాడు కట్టే. బంగళాలో గోడ అడుగు అతుకు కప్పటానికి టేకు బద్ద, దానికి సీమ మేకు. లైనులో గోడే లేదు. తడిక సందుల నుంచి గాలి, వాన, పక్క ఇంటి మాట అన్నీ లోపలికి వచ్చేవి. ఆ బంగళాల్లో బద్ద కొట్టిన పనివాళ్లు సాయంత్రం తిరిగి వెళ్లేది తమ సొంత బంగళాలకు కాదు. మేకుల పొడవు గురించి చెప్పేటప్పుడు, ఎవరి ఇంట్లో అసలు మేకుకు పని ఉండేది అన్న మాట కూడా చెప్పుకోవాలి. తరువాత కాలంలో గట్టి గోడల లైన్లు వచ్చాయి. ఒక గది, ముందు చిన్న వసారా. అక్కడ మేకు వచ్చింది గాని, చొక్కా తగిలించుకోవటానికీ, దేవుడి పటానికీ.

భూమి లోపల మేకు పాత్ర ఇంకా వేరు. తవ్విన చోట రాతి కప్పు కూలకుండా పెద్ద దుంగలు నిలబెట్టేవారు. ఆ దుంగలకు పట్టు మేకు ఇవ్వదు. దుంగకు, రాతికి మధ్య చెక్క చీలికలు దిగగొట్టి బిగిస్తారు. పైనుంచి రాయి నొక్కే కొద్దీ ఆ కట్టడం బిగుస్తుంది. అక్కడ ఎంత పొడవు మేకు కొట్టినా పలకను తాత్కాలికంగా నిలపటానికే. లోతు పెరిగి, రాయి ఒత్తిడికి పగిలి ఎగిరిపడే ప్రమాదాలు పెరిగాక, దుంగల స్థానంలో చెక్కిన గ్రానైటు రాళ్లతో గోడలు పేర్చారు. తరువాత కాంక్రీటు కూడా వాడారు. భూమి పైన గాని, లోపల గాని సూత్రం ఒకటే. బిగింపు బలం మేకులో లేదు, అది దేనిలోకి దిగిందో దానిలో ఉంది.

స్వాతంత్ర్యం తరువాత 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1962లో కేంద్రానికి మారాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఇదే కాలంలో అంగుళం పోయి మిల్లీమీటరు వచ్చింది. 1956 చట్టం తరువాత మెట్రిక్ కొలతలు దశలవారీగా అమలయ్యాయి. మేకులకు ఐ.ఎస్. 723 అనే భారతీయ ప్రమాణం ఏర్పడింది. డబ్బా మీద 40, 50, 65 అని ఉంటుంది. అడిగేవారు ఇప్పటికీ ఒకటిన్నర, రెండు, రెండున్నర అనే అడుగుతారు. అంగుళానికి 25 మిల్లీమీటర్లు అని గుర్తుంటే మోసపోరు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇళ్లు మిగిలాయి. వాటిలో కుటుంబాలు మిగిలాయి. జీతం ఆగిపోయిన ఇంట్లో మరమ్మతు ఎవరికి వారే చేసుకోవాలి. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేవారు, ఆదివారం ఒక్కరోజు సుత్తి పట్టుకుంటారు. నూరేళ్ల నాటి గోడలో బిరడా చెదలు తినిపోయి ఉంటుంది. బద్ద ఊగుతుంది. అప్పుడు ఇంటాయన, ఆచారి మధ్య జరిగే మాట సాధారణంగా ఇలా ఉంటుంది.

"ఆచారీ, ఇంకా పొడుగు మొల కొట్టప్పా, నిలబడతాది."

"మొల పొడుగైతే ఏం లాభం అన్నా? వెనక కట్టె లేదు కదా!"

ఈ జవాబులోనే విద్య అంతా ఉంది. మూడంగుళాలది కొట్టినా, నాలుగంగుళాలది కొట్టినా ఖాళీ రంధ్రంలో పట్టు ఉండదు. పాత సున్నపు పూత మాత్రం పళ్లెమంత పెచ్చుగా ఊడి పడుతుంది. ఐదు రూపాయల మేకుతో పోయేదాన్ని వేల రూపాయల పూతపని దాకా తెచ్చుకున్నట్టు అవుతుంది. చెయ్యవలసింది బద్దను మెల్లగా విప్పి, పుచ్చిన బిరడా తీసి, బాగా ఎండిన గట్టి చెక్కతో కొత్త బిరడా దిగగొట్టి, చెదల మందు పూసి, అప్పుడు పాత పొడవు మేకే కొట్టటం.

ఇంటిపని చేసుకునే శ్రోతలకు మరి నాలుగు మాటలు. మొదటిది, మేకు కొనటానికి ముందు సన్నటి కమ్మీతో గోడ పూత మందం చూసుకోండి. పాత ఇళ్లలో అది గదికి ఒక రకంగా ఉంటుంది. రెండోది, చెక్క స్వభావం చూడండి. కోలారు జిల్లాలో 1980ల నుంచి నీలగిరి చెట్టు విస్తారంగా వేశారు. భూగర్భ జలాల భయంతో 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్త నాటకాన్ని ఆపివేసింది గాని, ఆ కలప ఇప్పటికీ చవకగా దొరుకుతుంది. అది ఆరేకొద్దీ చీలుతుంది. దానికీ, ఎండిన టేకుకూ మేకు లావుకంటె కాస్త సన్నటి రంధ్రం ముందుగా బరమాతో వేసి కొట్టండి. బద్ద చివరకు మరీ దగ్గరగా కొట్టవద్దు. మూడోది, స్విచ్చికి పైనా కిందా నిట్టనిలువు గీతలో మేకు దించేముందు మెయిన్ ఆపండి. గోడలో తీగ ఎటు పోయిందో పైకి కనిపించదు. నాలుగోది, పాత క్వార్టర్లలో కప్పు రేకులు ఆస్బెస్టాస్‌వి అయితే వాటికి మేకు కొట్టకండి, రంధ్రం చెయ్యకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. రాతి దుమ్ముతో గని కార్మికుల ఊపిరితిత్తులు ఎలా దెబ్బతిన్నాయో ఈ ప్రాంతం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

చిన్న మేకు గురించి ఇంత చెప్పటానికి కారణం ఒకటే. ఈ ఇళ్లను కట్టిన కంపెనీలు లేవు. ఆ బిరడాలు ఎక్కడ ఉన్నాయో తెలిసిన పాత పనివాళ్లు తగ్గిపోతున్నారు. బంగళాల టేకు విప్పుకుని అమ్మితే డబ్బు వస్తుంది గాని, ఆ పనితనం తిరిగి రాదు. ఇంట్లో ఉన్నవారు తమ గోడ ఎలా కట్టిందో తెలుసుకుంటే, ఉన్న చెక్క మరొక యాభై ఏళ్లు నిలుస్తుంది. మీ పక్క వీధిలో ముసలి ఆచారి ఎవరైనా ఉంటే, మేకు కొనటానికి ముందు ఒకసారి ఆయనను పిలిచి గోడ చూపించండి. ఆయన మొదట బద్ద మీద కాదు, గోడ మీద వేలితో కొట్టి చప్పుడు వింటాడు. ఆ చప్పుడును బట్టి మేకు పొడవు చెబుతాడు.